ఒక ఫోన్ నంబరు, మూడు డోరు నంబర్లు: పాత మదరాసు డైరెక్టరీలతో ఒక ఇంటి చరిత్ర

గుంటూరు నుంచి వచ్చిన ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి నా బల్ల మీద రెండు వస్తువులు పెట్టారు. ఒకటి ఫోటో. ముందు వరండా, పైన పిట్టగోడ ఉన్న ఒక మేడ, మెట్ల మీద కూర్చున్న పదకొండు మంది. రెండోది వాడకుండా మిగిలిపోయిన ఒక లెటర్‌హెడ్ కాగితం. దాని మీద ఆయన తాతగారి పేరు, అడ్వొకేట్ అన్న మాట, మదరాసు త్యాగరాయనగరంలో ఒక వీధి, డోరు నంబరు 14, నాలుగు అంకెల ఫోన్ నంబరు అచ్చయి ఉన్నాయి. తేదీ లేదు. ‘మా తాతగారికి మైలాపూరులో సొంత మేడ ఉండేదండీ, కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి ఇల్లు శ్రీబాగ్‌కి బాగా దగ్గర్లో. ఈ కాగితం మీద ఉన్నది ఆయన ఆఫీసు అయి ఉంటుంది. ఆ మేడ ఎక్కడో, మావాళ్లు ఎప్పుడు కట్టారో, ఎప్పుడు అమ్మారో తేల్చి పెట్టండి’ అన్నారు.

ఇళ్ల చరిత్రలు వెతికిపెట్టడం నా వృత్తి కాబట్టి ఇలాంటి విన్నపాలు నాకు కొత్త కాదు. చెన్నపట్నంతో ముడిపడినవి మరీ ఎక్కువ. 1954 జులైలో గుంటూరులో ఆంధ్ర హైకోర్టు ఏర్పడేదాకా సర్కారు జిల్లాల, రాయలసీమ జిల్లాల అప్పీళ్లన్నీ మదరాసు హైకోర్టులోనే నడిచేవి. పేరున్న తెలుగు ప్లీడర్లు అక్కడ కాపురాలు పెట్టి, ఆ ఏడాది మూటాముల్లె సర్దుకుని గుంటూరుకు వచ్చేశారు. వాళ్ల మనవళ్ల దగ్గర ఫోటోలున్నాయి, జ్ఞాపకాలున్నాయి, కాగితాలు మాత్రం ఉండవు. ఈ కేసులో పని చేసింది దస్తావేజులకన్నా ముందు టెలిఫోన్ డైరెక్టరీలే కనుక, వాటిని ఎలా చదివానో, ఎక్కడ తప్పు చేశానో వివరంగా రాస్తున్నాను. కుటుంబం పేరు, వీధి పేరు, ఫోన్ నంబరు కావాలనే ఇవ్వడం లేదు.

నేరుగా రిజిస్ట్రేషన్ ఆఫీసుకే వెళ్లొచ్చు కదా అని చాలామంది అడుగుతారు. అన్నేళ్ల కిందటి లావాదేవీలకు ఈసీ (ఒక ఆస్తి మీద నమోదైన లావాదేవీల పత్రం) తీయాలంటే సర్వే నంబరైనా ఉండాలి, అప్పటి డోరు నంబరైనా ఉండాలి, లేదా కొన్నవారి పేరు, అమ్మినవారి పేరు, అటూ ఇటూగా సంవత్సరం తెలియాలి. మా దగ్గర ఉన్న డోరు నంబరు ఏ కాలానిదో తెలియదు. అమ్మినవారు ఎవరో తెలియదు. అసలు అది ఇల్లో ఆఫీసో కూడా తెలియదు. వెతకాల్సిన చోటును, కాలాన్ని ముందు కుదించుకోవాలి. దానికి టెలిఫోన్ డైరెక్టరీ చవకైన సాధనం.

ఆ కాలపు డైరెక్టరీ ఎవరి పుస్తకమో కూడా తెలిసి ఉండాలి. 1878 ఫిబ్రవరిలో అమెరికాలోని న్యూ హేవెన్‌లో వచ్చిన తొలి డైరెక్టరీ ఒకే ఒక్క అట్టముక్క. యాభై మంది చందాదారుల పేర్లు తప్ప దాని మీద నంబర్లే లేవు, ఎందుకంటే పేరు చెబితే ఆపరేటరే కలిపేవాడు. మదరాసుకు ఎక్స్ఛేంజ్ 1882లో, కలకత్తా, బొంబాయిలతో పాటే వచ్చింది. అప్పటి నుంచి అరవై ఏళ్లపాటు అది ప్రైవేటు కంపెనీల చేతిలో ఉండి, 1943 ఏప్రిల్ 1న ప్రభుత్వం చేతికి వెళ్లింది. స్వాతంత్ర్యం వచ్చే నాటికి కూడా దేశం మొత్తం మీద ఫోన్లు లక్ష లోపే. కాబట్టి ఈ పుస్తకాల్లో కనిపించేది ఊరు కాదు, ఊరిలోని పైవరస మాత్రమే: కచేరీలు, కంపెనీలు, జమీందార్లు, డాక్టర్లు, ప్లీడర్లు, సినిమావాళ్లు. వంటవాడు కనిపించడు, మేడ మీద వాటాలో ఉన్న గుమాస్తా కనిపించడు, ఇల్లాలి పేరు ఎప్పుడో గానీ కనిపించదు. పేరు లేనంత మాత్రాన మనిషి లేడని కాదు. ప్లీడరు విషయంలో మాత్రం అదృష్టవంతులం, క్లయింట్లు జిల్లాల నుంచి ట్రంక్ కాల్ చేయాలి కనుక ఆయనకు ఫోన్ తప్పనిసరి.

పుస్తకాల వయసు తేల్చడం

నాకు చేతికందినవి నాలుగు సంచికలు. వాటిలో మూడింటికి అట్టలు లేవు. ఇది మామూలే. కొత్త సంచిక రాగానే పాతదాన్ని పొట్లాలకు వాడేసే వస్తువు ఇది, గ్రంథాలయాలు కూడా దాన్ని పుస్తకంగా లెక్కపెట్టలేదు. ఒకటి పేవ్‌మెంటు మీద పాత పుస్తకాల వ్యాపారి దగ్గర దొరికింది. దాని మొదటి పేజీల అంచున ఎవరో పెన్సిలుతో నెల పొడుగునా పాల లెక్క రాసుకున్నారు. ఒక కిరాణా దుకాణం నంబరు కొట్టేసి పక్కన కొత్త నంబరు వేసుకున్నారు. అలాంటి దిద్దుబాట్లను నేను ఎప్పుడూ విడిగా రాసిపెట్టుకుంటాను. అచ్చయిన నంబరు సంచిక బయటికొచ్చే నాటికే పాతబడిందని అవి చెబుతాయి.

అట్టలేని పుస్తకానికి తేదీ కట్టడానికి నేను ముందు చూసేది ప్రభుత్వ శాఖల పేజీలను. మదరాసు రాష్ట్రానికి ఇది బాగా పనికొస్తుంది, ఎందుకంటే ఆ పదిహేనేళ్లలో మంత్రివర్గాలు వచ్చాయి, పోయాయి, మధ్యలో మంత్రులే లేని కాలమూ ఉంది. మొదటి పుస్తకంలో రాజగోపాలాచారి ప్రధానమంత్రిగా (రాష్ట్ర ముఖ్యమంత్రిని అప్పట్లో అలాగే అనేవారు), టంగుటూరి ప్రకాశం, వి.వి. గిరి, బెజవాడ గోపాలరెడ్డి మంత్రులుగా ఉన్నారు. అంటే 1937 జులై తర్వాతది, 1939 అక్టోబరులో వాళ్లు రాజీనామా చేయకముందుది. రెండోదాంట్లో మంత్రుల పేజీ అసలు లేదు, గవర్నరు, సలహాదారులు మాత్రమే ఉన్నారు. సూచనల పేజీలో కంపెనీ ఊసు లేదు, ప్రభుత్వ శాఖ పేరుంది. కనుక అది 1943 ఏప్రిల్‌కు, 1946 ఏప్రిల్‌కు మధ్యది. మూడోదాంట్లో ప్రధానమంత్రి ప్రకాశం పంతులుగారు. ఆయన పాలన 1946 ఏప్రిల్ చివరి నుంచి 1947 మార్చి దాకానే నడిచింది కాబట్టి, ఇంత గట్టి హద్దు మరే సంచికకూ దొరకలేదు. నాలుగోది కామరాజ్ ముఖ్యమంత్రిగా ఉన్నది, అంటే 1954 ఏప్రిల్ తర్వాతది.

ఇక్కడ ఒక జాగ్రత్త. మొదటి పుస్తకంలో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి పేరుంది. ఆయన 1938 ఏప్రిల్ 11న పోయారు. కనుక ఈ సంచిక అంతకు ముందుదే అని రాసేయాలని చేయి లాగింది. రాయలేదు. ఇంటి పెద్ద పోయాక కూడా కనెక్షన్ ఆయన పేరు మీదే ఏళ్ల తరబడి నడవడం నేను చాలా ఇళ్లలో చూశాను. మంత్రి పదవి పోతే ప్రభుత్వం ఆ పేరును మరుసటి సంచికలో తప్పకుండా తీసేస్తుంది, ఇంటివాళ్లకు మాత్రం ఆ తొందర ఉండదు. కాబట్టి పదవులతో కట్టిన తేదీని నమ్ముతాను, మనుషులతో కట్టిన తేదీని నమ్మను.

తాతగారు ఏ అక్షరం కింద ఉన్నారు

తెలుగువాళ్ల పేర్లు ఈ పుస్తకాల్లో పెట్టే తిప్పలు చెప్పి తీరాలి. మనకు ఇంటిపేరు ముందుంటుంది, అది ఇంగ్లీషులో ఒక పొడి అక్షరంగా కుంచించుకుపోతుంది. ఆ తర్వాత అసలు పేరు, చివర రావో, నాయుడో, శాస్త్రో, చెట్టో. దొరల పద్ధతిలో చివరిమాటనే ఇంటిపేరుగా ఎంచే గుమాస్తా అందరినీ ‘రావు’ కింద కుప్ప పోస్తాడు. ఇంకొక గుమాస్తా అసలు పేరును పట్టుకుంటాడు. బిరుదున్నవారైతే రావు బహద్దూరు కింద, దివాన్ బహద్దూరు కింద తేలతారు, జమీందార్లు రాజా అన్న మాట కింద కనిపిస్తారు. ఒకే పుస్తకంలో ఈ పద్ధతులన్నీ కలిసి ఉంటాయి. చందాదారు దరఖాస్తులో తన పేరు ఎలా రాసుకున్నాడన్నదాని మీద అది ఆధారపడి ఉంటుందని నా అనుమానం.

మొదటి పుస్తకంలో తాతగారి పేరు వెతికితే దొరకలేదు. ఇంటిపేరు పొడి అక్షరంతో చూశాను, అసలు పేరుతో చూశాను, లేదు. చివరికి ‘రావు’ల వరసలో రెండో కాలమ్ అడుగున ఉన్నారు, అడ్వొకేట్ అన్న మాటతో సహా. కానీ చిరునామా త్యాగరాయనగరం కాదు, మైలాపూరులో లజ్ ప్రాంతం. నంబరు కూడా లెటర్‌హెడ్ మీద ఉన్నది కాదు. మనవడు చెప్పిన మాట నిజమే. 1937 నవంబరులో ఆంధ్ర, రాయలసీమ నాయకులు ఒడంబడిక చేసుకున్న శ్రీబాగ్ అక్కడికి దగ్గరే.

రెండో పుస్తకంలో ఆయన ‘రావు’ల్లో లేరు, అసలు పేరు కింద ఉన్నారు. త్యాగరాయనగరం, డోరు నంబరు 14, లెటర్‌హెడ్ మీది నంబరే. ఆఫీసుకు, నివాసానికి వేర్వేరు నంబర్లున్న ప్లీడర్లకు ఆ పుస్తకం రెండు వరసలు ఇచ్చింది. ఈయనకు ఒకటే వరస ఉంది, దాని పక్కన నివాసం అన్న సూచన ఉంది. అది ఆఫీసు కాదు, ఇల్లే.

మూడో పుస్తకంలో అదే పేరు, అదే వీధి, అదే ఫోన్ నంబరు. డోరు నంబరు మాత్రం 31.

నేను చేసిన తప్పు ఇక్కడే. తాతగారు అదే వీధిలో ఇల్లు మారారు, పాత నంబరునే కొత్త ఇంటికి బదిలీ చేయించుకున్నారు అనుకున్నాను. ఒకే ఎక్స్ఛేంజ్ పరిధిలో అది జరిగే పనే. 14లో అద్దెకుండి, కాస్త డబ్బు కూడబెట్టి, అదే వీధిలో 31ని కొని ఉంటారన్న కథ వినడానికీ బాగుంది. మనవడికి ఫోన్ చేసి అలాగే చెప్పాను. ఆయన సంతోషించారు. రెండు వారాల తర్వాత ఆ మాట వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది.

ఎందుకో మనసులో పీకుతూనే ఉండటంతో ఆ వీధిలో ఉన్న మిగతా చందాదారులను రెండు పుస్తకాల్లోనూ ఏరడం మొదలుపెట్టాను. డైరెక్టరీ పేర్ల వరసలో ఉంటుంది గానీ వీధుల వరసలో ఉండదు, నంబర్ల వరసలోనూ ఉండదు. అమెరికాలో 1940 నాటికి మన్‌హాటన్‌కు వీధుల వరసలో కూర్చిన డైరెక్టరీలు విడిగా ఉండేవి, మనకు ఆ భాగ్యం లేదు. కనుక ఒక వీధి కావాలంటే పుస్తకం మొత్తం వరస తప్పకుండా చదవాలి. ఒక స్కేలును వరస కింద పెట్టి, ఒక్కో వరస దించుకుంటూ, ఆ వీధి పేరు కనబడినప్పుడల్లా చీటీ రాసుకుంటూ వెళ్లాను. ఒక్కో సంచికకు నాలుగేసి మధ్యాహ్నాలు పట్టింది. చీటీలన్నీ డోరు నంబర్ల ప్రకారం పేర్చి చూస్తే సంగతి బయటపడింది. రెండో పుస్తకంలో 9లో ఉన్న ఇంజనీరు మూడో పుస్తకంలో 20లో ఉన్నాడు, 22లో ఉన్న సినిమా కంపెనీ 47కు పోయింది, అందరి ఫోన్ నంబర్లూ మాత్రం యథాతథం. అందరూ ఒకేసారి, వెనకాముందూ తప్పకుండా, వీధి కొసవైపు ఇళ్లు మారరు కదా. మారింది కార్పొరేషన్ వేసిన లెక్క. ఖాళీ ప్లాట్లలో ఇళ్లు లేచి, మధ్యలో కొత్త నంబర్లు అవసరమై, వీధి మొత్తానికి మళ్లీ నంబర్లు వేశారు.

త్యాగరాయనగరం పుట్టుక తెలిసినవారికి ఇది వింతగా తోచదు. 1920 నాటి పట్టణ ప్రణాళిక చట్టం తర్వాత, మాంబళం వైపున్న పొడవాటి చెరువును పూడ్చి ప్లాట్లు వేసిన పేట అది. పిట్టి త్యాగరాయ చెట్టి పేరు పేటకు, పానగల్ రాజా పేరు నడుమనున్న పార్కుకు పెట్టారు, ఇద్దరూ తెలుగువారే. వీధులకు జస్టిస్ పార్టీ నాయకుల పేర్లు, అధికారుల పేర్లు వచ్చాయి. ప్లాట్లు నిండటానికి ఏళ్లు పట్టింది, నిండుతున్నకొద్దీ డోరు నంబర్లు కదిలాయి. తర్వాత వీధుల పేర్లూ కదిలాయి. సౌత్ బోగ్ రోడ్డు శివాజీ గణేశన్ పేరిట, గ్రిఫిత్ రోడ్డు మహారాజపురం సంతానం పేరిట మారాయి. పేరు మారినా, డోరు మారినా, వీధి పేరు మారినా, ఆ గోడకున్న తీగ చివరి నంబరు అంత తేలిగ్గా మారదు. అందుకే ఇప్పుడు నేను మనిషిని కాకుండా నంబరును వెంబడిస్తాను.

నంబరు ముందు ఎవరిది, తర్వాత ఎవరిది

ఆ బుద్ధి వచ్చాక మొదటి పుస్తకాన్ని, నాలుగో పుస్తకాన్ని అదే పద్ధతిలో చదివాను. మొదటిదాంట్లో లెటర్‌హెడ్ మీది నంబరు ఒక డాక్టరుగారి పేరు మీద ఉంది. చిరునామా అదే వీధి, డోరు నంబరు 14. అంటే తాతగారు లజ్‌లో ఉన్న రోజుల్లో ఈ ఇంట్లో ఈ ఫోన్ డాక్టరుగారిది. నాలుగోదాంట్లో నంబర్లకు ముందు ఒక అంకె చేరింది. ఆ వీధిలో దొరికిన చందాదారులందరికీ అదే అంకె చేరిందని చీటీలతో సరిచూసుకున్నాక, చివరి నాలుగు అంకెలను బట్టి వెతికాను. డోరు నంబరు 31, అదే నంబరు, ఒక స్త్రీ పేరు. ఇంటిపేరు పొడి అక్షరం, చివరిమాట డాక్టరుగారివే.

డాక్టరు, ప్లీడరు, మళ్లీ డాక్టరు కుటుంబం. మధ్యలో తాతగారు కొనుక్కుని, వెళ్లేటప్పుడు మళ్లీ అదే కుటుంబానికి అమ్మారనుకోవడం కష్టం. ఇల్లు డాక్టరుగారిది, తాతగారు అద్దెకున్నారు, కనెక్షన్‌ను తన పేరిట మార్పించుకుని, వెళ్లేటప్పుడు తిరిగి ఇచ్చేశారు అనుకోవడం తేలిక. అయితే డైరెక్టరీ ఇంతకన్నా ఎక్కువ చెప్పలేదు. ఒక చిరునామాలో ఫోన్ బిల్లు ఎవరి పేరున వెళ్లేదో చెబుతుంది, యజమాని ఎవరో చెప్పదు. తొందరపడి ఒకసారి చేతులు కాల్చుకున్నాను కనుక, ఈసారి మనవడికి ఏమీ చెప్పకుండా నేరుగా రిజిస్ట్రేషన్ రికార్డులకు వెళ్లాను. ఇప్పుడు చేతిలో రెండు డోరు నంబర్లు, ఒక యజమాని పేరు, ఇరవై ఏళ్ల లోపు కాలం ఉన్నాయి. పేర్ల సూచికలో తాతగారి పేరున కొనుగోలు లేదు, అమ్మకం లేదు. డాక్టరుగారి పేరున ప్లాటు తీసుకున్న దస్తావేజు ఉంది, తర్వాత ఎప్పుడో ఆయన వారసులు వేరొకరికి అమ్మిన దస్తావేజు ఉంది. లజ్‌లోని ఇంటికీ తాతగారి పేరున కాగితం లేదు. అదీ అద్దె ఇల్లే.

తాతగారు మైలాపూరు వదిలి ఇక్కడికి ఎప్పుడు వచ్చారు? 1939కి, 1943కి మధ్య నాకు ఒక్క సంచికా దొరకలేదు కాబట్టి పుస్తకాలు దీనికి జవాబు చెప్పవు. నా ఊహ మాత్రం ఒకటుంది. 1942 ఏప్రిల్‌లో జపాను వాళ్ల దాడి భయంతో మదరాసు ఖాళీ అయింది. ప్రభుత్వ కార్యాలయాలే లోపలి జిల్లాలకు తరలిపోయాయి, స్తోమత ఉన్నవాళ్లు ఇళ్లకు తాళాలు వేసి వెళ్లిపోయారు. డాక్టరుగారి కుటుంబం అప్పుడే వెళ్లి, తిరిగిరాక, ఇంటిని అద్దెకిచ్చి ఉంటుందా? సముద్రానికి దగ్గరగా ఉన్న లజ్ కన్నా లోపలికున్న త్యాగరాయనగరం నయమని తాతగారు అనుకుని ఉంటారా? కావచ్చు. నివేదికలో దీన్ని ఊహ అన్న శీర్షిక కిందే, విడి పేజీలో పెట్టాను.

ఫోటోలోని ఇల్లు ఏదన్నది కూడా మిగిలింది. లజ్‌లోని ఇల్లా, ఇదా? డైరెక్టరీలు దీనికి పరోక్షంగా పనికొచ్చాయి. ఫోటోలో గోడ పక్కన, పొరుగింటి గేటు స్తంభం మీద చెక్కిన నంబరులో ‘3’ స్పష్టంగా ఉంది, దాని పక్క అంకె సగం చెట్టు కొమ్మ వెనక్కి పోయింది. కనబడిన సగం గుండ్రంగా ఉంది, సున్నా అయి ఉండాలి. మెట్ల మీద కూర్చున్నవాళ్ల ఇల్లు 31 అయితే పక్కది 30 కావడం సబబే. ఈ లెక్కన ఫోటో నంబర్లు మారిన తర్వాత, అంటే రెండో పుస్తకం తర్వాత తీసింది. మనవడి తండ్రి అందులో కాలేజీ కుర్రవాడి వయసులో ఉన్నాడు, ఆయన పుట్టిన సంవత్సరానికి అది సరిపోయింది.

నివేదిక చేతికిచ్చిన రోజు మనవడు చాలాసేపు మాట్లాడలేదు. సొంత మేడ అన్న మాట వాళ్లింట్లో మూడు తరాలుగా చెప్పుకుంటున్నది. నేను చెప్పిన మొదటి మాట వల్ల ఆ నమ్మకం ఇంకాస్త బలపడింది కూడా, అందుకు క్షమాపణ చెప్పాను. కాసేపటికి ఆయనే, ‘మా నాయనమ్మ ఎప్పుడూ డాక్టరుగారి మేడ, డాక్టరుగారి మేడ అనేదండీ. పక్కన డాక్టరు ఎవరో ఉండేవారేమో అనుకునేవాళ్లం’ అన్నారు. నేను మొదటి రోజే కుటుంబంలో ఆ ఇంటిని ఏ పేరుతో పిలిచేవారని అడిగి ఉంటే నాలుగు మధ్యాహ్నాలు మిగిలేవేమో. ఇప్పుడు ఆ ప్రశ్న నా దరఖాస్తు కాగితంలో మొదటి వరసలో ఉంది.

కిందటి నెల ఇద్దరం కలిసి ఆ వీధికి వెళ్లాం. మేడ లేదు, నాలుగంతస్తుల ఫ్లాట్లున్నాయి. చెన్నైలో చాలా గేట్ల మీద ఉన్నట్టే దీని మీదా పాత నంబరు, కొత్త నంబరు అని రెండున్నాయి. పాతది 31, కొత్తది వేరు. 14 ఎక్కడా లేదు. ఫోటో వెనక ఏ నంబరు రాయమంటారని ఆయన అడిగారు. మూడూ రాయమన్నాను, వాటి పైన ఫోన్ నంబరు రాయమన్నాను. గేటు పక్క గోడకు ఫోటోను ఆనించి, జేబులోంచి పెన్ను తీసి, ఆయన ముందు ఫోన్ నంబరే రాశారు.